ఎవరి మొక్క వాళ్లే ఎంచుకునేలా: మా నర్సరీ అనుభవం

ఒడిశాలోని బరంపురం ఊరి చివర మా మామగారి కాలం నుంచీ మాకు నర్సరీ ఉంది. మొక్కలు అమ్మడంతో పాటు ఇళ్లకి వెళ్లి తోటపని కూడా చేస్తాం. కొమ్మలు కత్తిరించడం, గడ్డి కోయడం, కుండీలు మార్చడం, మిద్దె మీద కూరగాయల మడులు వేయడం లాంటివి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ చుట్టుపక్కల పెద్ద పెద్ద చెట్లే కూలిపోయాయి. జనం మళ్లీ నాటుకోవడం మొదలుపెట్టాక మాకు పని పెరిగింది. కరోనా తర్వాత వెబ్‌సైటు పెట్టాం. ఇక్కడ ఒకే వీధిలో తెలుగూ ఒడియా రెండూ వినిపిస్తాయి కాబట్టి రెండు భాషల్లోనూ పెట్టాం, ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఆ సైటునీ, నర్సరీనీ, ఇళ్లకి వెళ్లి చేసే పనినీ అందరూ వాడుకునేలా ఎలా మార్చుకున్నామో రాస్తున్నాను. ఇదే వ్యాపారంలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

మా పాత ఖాతాదారుల్లో ఒక మాస్టారున్నారు. రిటైరయ్యాక షుగర్ వల్ల చూపు పోయింది. ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వార్తలు వింటారు, బ్యాంకు పని చేసుకుంటారు, మనవరాలికి మెసేజ్ పెడతారు. మా సైటు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. ఫోన్ చేసి చెప్పారు: "తల్లీ, మీ పేజీ 'చిత్రం, బటన్, బటన్, లేబుల్ లేని బటన్' అంటోంది. ఏది నొక్కితే మొక్కొస్తుందో నాకెలా తెలుస్తుంది?"

మీ అబ్బాయికి చెప్పండి మాస్టారూ, ఆర్డరు పెట్టేస్తాడు అన్నాను. అప్పుడాయన అన్న మాట వల్లే ఈ పనంతా మొదలైంది. "పెడతాడమ్మా. పెట్టి క్రోటన్లు తెప్పిస్తాడు. వాడికి ఆకుల రంగులు బాగుంటాయి. నాకు మరువం కావాలి, దవనం కావాలి, సంపెంగ కావాలి. అడిగితే 'అవన్నీ ఎందుకు నాన్నా' అంటాడు."

మేము చూసుకోవాల్సింది ఆర్డరు ఎలాగోలా రావడం ఒక్కటే కాదని నాకు అర్థమైంది. ఎవరి మొక్క వాళ్లే ఎంచుకోగలగాలి. తర్వాత చేసిన ప్రతి మార్పుకీ ఇదే కొలత పెట్టుకున్నాం.

మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సైటు పని వాడి చేతుల్లో పెట్టాను. వాడు ముందు తన ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర మీద తువ్వాలు కప్పి, మా సైటులో ఒక తులసి మొక్క కొనడానికి కూర్చున్నాడు. కుడివైపు తోస్తే తర్వాతి అంశం చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కాసేపటికి తువ్వాలు తీసేసి, "అత్తా, ఇది కొనలేం" అన్నాడు.

మొక్కల పేర్లు, ధరలు అన్నీ పోస్టర్ బొమ్మల్లో ఉన్నాయి. బొమ్మలోని అక్షరం కంటికే కనిపిస్తుంది, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్‌కి అదొట్టి బొమ్మ. ధరల పట్టిక పీడీఎఫ్ సంగతి ఇంకా చిత్రం. దాన్ని డీటీపీ షాపులో తెలుగు అను ఫాంట్లతో, ఒడియా ఆకృతి ఫాంట్లతో కొట్టించాం. ఆ పాత ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, పైకి మాత్రం తెలుగులా కనిపిస్తాయి. ఫోన్ చదివితే మంత్రం తిరగేసినట్టుంటుంది. అందుకని పట్టిక మొత్తం యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో, మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. చేసింది నేనే, రాత్రుళ్లు కూర్చుని. తెలుగులో వెబ్‌సైటు పెట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఏ పేజీకి ఏ భాషో కోడ్‌లో రాయడం కూడా ముఖ్యమే. పేజీ ఇంగ్లీషు అని రాసుండి లోపల తెలుగుంటే కొన్ని రీడర్లు ఇంగ్లీషు గొంతుతో చదవబోయి మాటల్ని దాటేస్తాయి.

తర్వాత బొమ్మలకి వర్ణనలు. మా మేనల్లుడు మొదట 'అందమైన మందార మొక్క' అని రాశాడు. మాస్టారికి వినిపిస్తే, "అందంగా ఉందో లేదో నేను చూసుకుంటాను గానీ ఎంత ఎత్తుందో చెప్పు బాబూ" అన్నారు. రంగులు రాయాలా వద్దా అని మేం తటపటాయిస్తుంటే, "రాయండి, నాకు రంగులన్నీ గుర్తున్నాయి" అన్నారు. దాంతో ఒక పద్ధతి కుదిరింది. ఎత్తు, కుండీ సైజు, పువ్వు రంగు, వాసన ఉంటే ఏ పూట వస్తుంది, ముళ్లున్నాయా, తుంచితే పాలు కారతాయా, ఎండ ఎంత కావాలి. మొగలికి రాసేటప్పుడు పూల పరిమళం గురించి అందరికీ తెలిసిందే, మన గంజాం జిల్లా మొగలికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. కానీ ఆకుల అంచుల నిండా ముళ్లుంటాయని రాయడం అంతకన్నా అవసరం. తడిమి చూసేవాళ్ల చేతికి ముందు తగిలేవి అవే.

ఈ వర్ణనల వల్ల మేం అనుకోని మేలు ఒకటి జరిగింది. ఆటిజం ఉన్న బాబు తల్లి ఒకావిడ రాశారు, వాళ్ల అబ్బాయి చేతికందిన ఆకల్లా నోట్లో పెట్టుకుంటాడట, ఏ మొక్కలు కొనకూడదో చెప్పమన్నారు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. ఎడారి గులాబీ అని మురిపెంగా కొనుక్కునే అడీనియం పాలూ విషమే. ఇళ్లలో కుండీల్లో కనిపించే డైఫెన్‌బాకియా ఆకు నమిలితే అందులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుని నాలుక, నోరు వాచిపోతాయి. వీటన్నిటికీ హెచ్చరిక పేరు పక్కనే పెట్టాం. మామూలు కళ్లున్నవాళ్లు, చంటిపిల్లలున్న వాళ్లు, కుక్కలున్న వాళ్లు అందరూ ఇప్పుడు అది చదివే కొంటున్నారు.

ఆర్డరు ఫారం సరిచేయడం పెద్ద కష్టం కాలేదు గానీ చిల్లర పనులు చాలా ఉన్నాయి. గడి లోపల లేతగా 'ఫోన్ నంబరు' అని ఉండి, టైపు చేయగానే మాయమయ్యేది. ఇప్పుడు ప్రతి గడికీ పైన పేరుంది. తేదీ ఎంచుకునే క్యాలెండరు వేలితో చూసి నొక్కేవాళ్లకే పనికొచ్చేది, దాన్ని తీసేసి రోజు, పొద్దున్నా సాయంత్రమా అని రెండు సాదా ప్రశ్నలు పెట్టాం. తప్పు పడితే గడి ఎర్రబడి ఊరుకునేది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్లు తక్కువేం కాదు, అందుకే ఏం తప్పో మాటల్లో రాసి వస్తుంది. మొక్కల సైటు కదా అని మా అక్షరాలన్నీ తెల్లటి పేజీ మీద చిలకపచ్చలో ఉండేవి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ వాళ్ల మార్గదర్శకాల్లో మామూలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఉంది. మాది 2 దగ్గర ఉంది. ముదురాకుపచ్చకి మారిస్తే 7 దాటింది. మార్చాక మా అత్తగారు కూడా కళ్లజోడు వెతుక్కోకుండా చదువుతున్నారు. ఆ మార్గదర్శకాల్లో 2023లో వచ్చిన 2.2 వెర్షన్ ప్రకారం నొక్కే బటన్లు కనీసం 24 పిక్సెళ్లు ఉంటే చాలు, మేం దానికి రెట్టింపు పెట్టాం. చేతులు వణికేవాళ్లకి అది కూడా తక్కువేనేమో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఈ మధ్యలో ఒక కంపెనీ ఫోన్ చేసి, ఒక్క లైను కోడ్ పెడితే సైటు మొత్తం అందరికీ అనువుగా మారిపోతుంది, నెలకింత అంది. మొగలి ఆకుకి ముళ్లున్నాయని ఆ లైనుకెలా తెలుస్తుంది? వద్దన్నాం.

సైటు బాగుపడ్డాక మాస్టారు నర్సరీకి వస్తానన్నారు. అప్పటిదాకా మా నర్సరీని ఆయన వైపు నుంచి చూసినవాళ్లు లేరు. దారంతా కంకర, అడ్డంగా నీళ్ల పైపులు. అన్నిటికన్నా ప్రమాదం నెత్తిమీద వేలాడే కుండీలు. చేతికర్ర నేలమీద ఉన్నదాన్ని పట్టుకుంటుంది, తల దగ్గర ఉన్నదాన్ని పట్టుకోలేదు. వేలాడే కుండీలన్నీ దారి మీంచి తీసి మడుల మీదికి జరిపాం, దారి పైన ఏడడుగుల వరకూ కొమ్మ కూడా లేకుండా కోశాం. దారిని నాలుగడుగుల వెడల్పు చేసి ఇంటర్‌లాక్ టైల్స్ పరిచాం. గేటు దగ్గర తొమ్మిదంగుళాల మెట్టుండేది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే తొమ్మిదంగుళాలకి తొమ్మిదడుగుల పొడవు. మేస్త్రీ నాలుగడుగుల్లో ముగిద్దామన్నాడు. అంత ఏటవాలైతే వీల్‌చైర్ తనంతట తాను ఎక్కలేదు, ఎవరో ఒకరు వెనక నుంచి నెట్టాలి. నేను ఒప్పుకోలేదు. గోడ పక్కగా తిప్పి తొమ్మిదడుగులూ వేయించాను.

వీల్‌చైర్‌లో ఉన్న ఒకావిడ ఇంటికి వేసిన మడి నాకెంతో ఇష్టమైన పని. వెన్ను దెబ్బతిన్న మనిషి, పెరట్లో ఆకుకూరలు తన చేత్తో పెంచుకోవాలని ఆశ. ఎత్తుగా కట్టిన మడి వేస్తే పక్కకి ఒరిగి పని చేయాలి, కాసేపటికే నడుం పట్టేస్తుంది. కుర్చీ కిందకి దూరేలా బల్లలా వేస్తే మోకాళ్లకి ఇరవై ఏడంగుళాల ఖాళీ వదలాలి, ఆ పైన అడుగు మట్టి వేస్తే మడి గడ్డం దాకా వస్తుంది. చివరికి అడుగుభాగం ఏటవాలుగా కట్టాం. ఆవిడ వైపు ఆరంగుళాల మట్టి, వెనక వైపు లోతు. ముందు తోటకూర, మెంతి, కొత్తిమీర. వెనక వంగ, టమాటా. వెడల్పు ఎంతుండాలో పుస్తకాలు రెండడుగులు అంటాయి. మేం ఆవిడ చెయ్యి చాపించి కొలిచాం, ఇంకా తక్కువే వచ్చింది. బరువు తగ్గడానికి మట్టిలో కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపాం. "అక్కా, ఎన్నేళ్లయిందో మట్టి గోళ్లలో దూరి" అంది మొదటి రోజు.

వినపడని దంపతుల ఇల్లొకటి ఉంది. మా బోర్డు మీద ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు వాట్సాప్ మెసేజ్‌కీ వీడియో కాల్‌కీ ఫోన్ కాల్‌తో సమానంగా జవాబిస్తాం. కొమ్మల విషయంలో ఆ ఇంటావిడే ఒక దారి చెప్పింది. కోయాల్సిన కొమ్మకి ముందురోజే గుడ్డ పేలిక కట్టి ఉంచుతుంది. గుడ్డ లేని కొమ్మని మా మాలి ముట్టుకోడు. ఇది ఎంత బాగుందంటే, అన్ని ఇళ్లలోనూ ఇదే పద్ధతి పెట్టేశాం. మా మాలికి చదువు రాదు, ఒడియా తప్ప మరో భాష అంతంత మాత్రం. రోజు పని వాయిస్ మెసేజ్‌లో పంపిస్తాం. చదువురాని ఖాతాదారులు కూడా ఆర్డరు వాయిస్‌లో పంపుతున్నారు.

చట్టం సంగతి కొందరడిగారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, సేవలందించే ప్రైవేటు వాళ్లకీ 46వ సెక్షన్ వర్తిస్తుంది. మా అంత చిన్న దుకాణాన్ని వచ్చి అడిగినవాళ్లు లేరు. మాకు మాస్టారు అడిగిందే చాలు.

ఇంకా మిగిలింది ఒడియా. తెలుగు చదివే గొంతు ఫోన్లో సులువుగా దొరికింది గానీ ఒడియా గొంతు ప్రతి ఫోన్లోనూ దొరకదు. అందుకని ఒడియా పేజీల్లో ఒక్కో మొక్క వర్ణననీ మా మాలి కూతురి చేత చదివించి రికార్డు చేస్తున్నాం. కాలేజీ నుంచి వచ్చాక రోజూ కొన్ని చదువుతుంది. పూలమొక్కలు అయ్యాయి, పండ్లమొక్కలు నడుస్తున్నాయి. తొలకరికి మామిడి, జామ అంట్ల గిరాకీ మొదలయ్యేలోపు అవి పూర్తి కావాలి.