నేను మీకు ఏమవుతాను?

డాక్టరు గారు మందులు మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు. నిద్ర పడుతోంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

డిప్రెషన్ అని తేలడం, డోసులు మార్చడం, అవన్నీ మామూలే. నన్ను ఇన్నాళ్లూ వదలనిది థెరపిస్టు నోట వచ్చిన ఒక్క మాట.

అమ్మ పోయినప్పుడు నేను పక్కన లేను. ఎందుకు లేనో ఎవరికీ చెప్పలేదు. థెరపీ పదకొండో వారం మొదటిసారి నోరు విప్పాను. థెరపిస్టు గడియారం చూసి, "టైమ్ అయిపోయింది, వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ రాత్రి గుండె దడ ఆగలేదు. ఫీజు కట్టినంతసేపే నేను మనిషినా అనిపించింది. మూడింటికి, ఇక బతకడం దేనికన్న ఆలోచన వచ్చింది. అలాంటప్పుడు ఎవరిని లేపాలో మొదటి నెలలోనే ఆవిడ నాచేత కాగితం మీద రాయించారు. అక్కని లేపాను. అక్క ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తెల్లారేదాకా నా చెయ్యి వదల్లేదు. దేవుడున్నాడని నేను నమ్మింది ఆ రాత్రే.

ఇక వెళ్లనన్నాను. "మానేస్తే మానెయ్యి, కానీ ఆ కోపమేదో ఆవిడ మొహం మీదే చెప్పిరా" అంది అక్క. వణుకుతూనే చెప్పాను. సమర్థించుకుంటారనుకున్నాను. "తప్పు నాదే. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పండి" అన్నారు.

చిన్ననాటి మనుషుల మీది ప్రేమ, కోపం థెరపిస్టు మీదికి మళ్లుతాయని, దాన్నే మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నాడని తర్వాత వివరించారు. థెరపిస్టు మనసులోనూ అలాంటివి కదులుతాయని 1910లోనే ఆయన గుర్తించాడట. అందుకే థెరపిస్టులూ సూపర్‌విజన్‌కి, అంటే అనుభవమున్న మరో థెరపిస్టు దగ్గరికి వెళ్లి తమ తప్పులు చెప్పుకుంటారట. "అలాగని మీ కోపాన్ని మీ అమ్మ ఖాతాలో వేయను. గడియారం చూసింది నేనే" అన్నారు. ఆ మాటకి నేను ఏడ్చేశాను.

"మరి నేను మీకు ఏమవుతాను?" అని అడిగాను.

"స్నేహితురాలినైతే నా బాధలూ మీరు వినాలి. ఇక్కడ వినాల్సింది మీ బాధ ఒక్కటే. కానీ మీరంటే నాకు పట్టింపు ఉంది, అది నటన కాదు."

ఆ రాత్రిని మాత్రం నేనింకా క్షమించలేదు. మీకు మీ థెరపిస్టు మీద కోపమొస్తే మానేసేముందు ఒక్కసారి చెప్పి చూడండి. విన్నాక కూడా తప్పంతా మీదేనంటే, వెంటనే వేరేవాళ్లని వెతుక్కోండి.

ఆ తర్వాత ప్రతి వారం "ఇంకా పది నిమిషాలుంది" అని ముందే చెప్పేవారు. అమ్మ సంగతి పూర్తిగా చెప్పడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.