హెచ్61 డెస్క్‌టాప్ లాగ్: లాకు, నీలి తెర, గుండీ సెల్లు

సిస్టం: సెకండ్ జెనరేషన్ ఐ3, హెచ్61 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. హనుమకొండల ఒక ఇంట్ల మూలకు పడి ఉన్నది.

లక్షణాలు మూడు. ఆన్ చేయంగనే ఎఫ్1 నొక్కుమని ఆగుతది, తేదీ ఏండ్ల కిందికి పోతది. అది దాటితే విండోస్ లోగో మెరిసి నీలి తెర, స్టాప్ కోడ్ చివర్ల 7బి. బయోస్‌కు (విండోస్ కన్న ముందు లేచే, బోర్డు సెట్టింగులు చూసే ప్రోగ్రాం), విండోస్‌కు ఉన్న పాస్‌వర్డులు ఇంట్ల ఎవరికీ యాది లేవు. షాపుకు తీస్కపోతే "ఫార్మాట్ కొట్టాలె" అంటరు. దేనికీ ఫార్మాట్ అక్కర లేదు.

దుమ్ము, కరెంటు: కేబుల్ గుంజి, పవర్ బటన్ కొద్దిసేపు నొక్కి పట్టి, అప్పుడు మూత తీయాలె. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితోటి ఆపాలె, లేకుంటే అతివేగంగ తిరిగి బేరింగ్ పోతది. జిన్నింగ్ మిల్లుల దిక్కు ఇండ్లల్ల పత్తి నూగు దుమ్ముతోటి కలిసి హీట్‌సింక్ రెక్కల మీద అట్టకడుతది. పైనుంచి చూస్తె ఫ్యాన్ శుభ్రంగనే ఉంటది. అది విప్పితేనే కింది పొర కనపడుతది. మే నెల మధ్యాహ్నాలు సిస్టం హ్యాంగ్ అయితే ముందు చూడాల్సింది ఇదే. పాత థర్మల్ పేస్ట్ తుడిచి, నడుమ చిన్న చుక్క పెట్టి, హీట్‌సింక్ నాలుగు పిన్నులు ఎదురు మూలలు ఎదురు మూలలుగ నొక్కాలె.

ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బ) నుంచి వచ్చే, ఖాళీగ ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ల మల్టీమీటర్ పెడితే పసుపు–నలుపు 11.9, ఎరుపు–నలుపు 5.05 ఓల్టులు. 11.4–12.6, 4.75–5.25 నడుమ ఉంటె మంచిదే, కాని సిస్టం నడుస్తున్నప్పుడు కొలవాలె. ఎస్ఎంపీఎస్ డబ్బ మాత్రం విప్పొద్దు. కేబుల్ తీసినంక సుత లోపలి పెద్ద కెపాసిటర్ల 300 ఓల్టుల దాక నిలిచి ఉండొచ్చు.

సెల్లు: బోర్డు మీది గుండీ సెల్లు, సీఆర్2032. కొత్తది 3 ఓల్టులు, ఇది 2.4 చూపెట్టింది. ఎఫ్1, తేదీ రెండూ దీని పనే. 7బి సుత దీని పనే. సెల్లు చచ్చి, గోడ స్విచ్ బందు చేసినప్పుడల్ల బయోస్ సెట్టింగులు డిఫాల్ట్‌కు పోతయి. ఈ బోర్డుల సాటా మోడ్ (డిస్కుతోటి బోర్డు మాట్లాడే తీరు) డిఫాల్ట్ ఐడీఈ, అంటె పాత తీరు. విండోస్ ఎక్కించింది ఏహెచ్‌సీఐల, అంటె కొత్త తీరుల. మోడ్ మారితే బూట్ డిస్క్‌కు కావాల్సిన డ్రైవర్ లేవదు, నీలి తెర వస్తది. కొత్త సెల్లు, రాత ఉన్న ముఖం పైకి.

సెట్టింగ్ మార్చుదామంటే బయోస్ పాస్‌వర్డ్ అడ్డం. కేబుల్ తీసి, క్లియర్ సీమాస్ జంపర్‌ను (బయోస్ సెట్టింగులు చెరిపేటందుకు పిన్నుల మీద ఉండే చిన్న టోపీ) 1–2 నుంచి 2–3కు జరిపి, 10 సెకండ్లు ఉంచి మళ్ల మొదటి చోటుకు పెడితే పాస్‌వర్డ్ పోయింది. పిన్నుల వరుస బోర్డుకో తీరు ఉంటది, మాన్యువల్ చూసే జరపాలె. జంపర్ జరిపితే మోడ్ సుత ఐడీఈకి పడుతది. "జంపర్ పీకితే విండోస్ కరాబైంది" అనే ఫిర్యాదులల్ల చానావరకు ఇదే. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ చేసి, తేదీ సరిచేసి సేవ్ చేస్తె లాగిన్ తెర దాక వచ్చింది. ల్యాప్‌టాప్‌ల ఈ జంపర్ ఉపాయం చానావాటికి పారదు, పాస్‌వర్డ్ వేరే చిప్పుల ఉంటది.

డిస్కు: విండోస్ లాకు ముట్టకముందు ఫోటోలు, కాగితాలు కాపీ కావాలె. లినక్స్ మింట్ (విండోస్ బదులు నడిచే ఉచిత ఓఎస్) పెన్‌డ్రైవ్‌తోటి బూట్ చేసి స్మార్ట్ లెక్కలు (డిస్కు తన ఆరోగ్యం మీద తానే రాసుకునేవి) చూస్తె 5 (కరాబై మార్చిన సెక్టార్లు), 197 (చదవరాక అనుమానంల ఉన్న సెక్టార్లు) రెండూ సున్న, 199 (డేటా పంపకంల తప్పులు) మాత్రం పెరుగుతున్నది. 199 అంటె చాన సార్లు కేబుల్ తప్పే. సాటా కేబుల్ మార్చినంక ఆగింది. ఆ అంకె తగ్గదు, పెరగకుంటె చాలు. 197ల అంకె ఉంటే చెక్‌డిస్క్ (విండోస్‌ల ఉండే డిస్కు పరీక్ష) మొత్తం స్కాన్ పెట్టొద్దు. చావుకొచ్చిన డిస్కును సెక్టార్ సెక్టార్ చదివిస్తె ఉన్నది సుత పోతది. ముందు డీడీరెస్క్యూ (కరాబు డిస్కు నుంచి డేటా లాగే ప్రోగ్రాం) తోటి వేరే డిస్కుకు ఇమేజ్, అంటె మొత్తం నకలు, తీయాలె.

విండోస్ లాకు: అదే మింట్ల సీహెచ్ఎన్‌టీపీడబ్ల్యూ (chntpw, విండోస్ పాస్‌వర్డ్ తీసేసే ప్రోగ్రాం) ఎక్కించి, సిస్టం32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డర్ల సామ్ ఫైలు (యూజర్ల పాస్‌వర్డ్ వివరాలు ఉండేది) తెరిచి, యూజర్ పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీ చేయుడే. విండోస్ పూర్తిగ బందు కాక హైబర్నేట్ అయి ఉంటే పార్టిషన్ల రాయనియ్యదు. ఈఎఫ్ఎస్ (విండోస్ సొంత ఫైలు తాళం) తోటి ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు, బ్రౌజర్ల దాచిన పాస్‌వర్డులు ఈ పనితోటి చేజారుతయి. పాత పాస్‌వర్డ్ యాదికొచ్చే ఆశ ఉంటే కొన్నాళ్లు ఆగుడే మేలు.

మిగిలింది: విండోస్ 7కు 2020 జనవరి 14తోటే సపోర్ట్ అయిపోయింది, కాబట్టి 240 జీబీ ఎస్ఎస్‌డీ మీద మింటే. హెచ్61ల సాటా వేగం 3 గిగాబిట్లే అయినా పాత డిస్కుతోటి పోలిస్తె తేడా బాగనే తెలుస్తది. రెండో స్లాటుల ఇంకో 4 జీబీ ర్యామ్ పెట్టి రాత్రంత మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్ష) నడపాలె. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కుల కాళ్లు రబ్బరుతోటి తుడిచి, ఒక్కోదాన్ని విడిగ పరీక్షించాలె.