సోంపేట బీల నుంచి కొవ్వాడ దాకా

శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటితే ఉద్దానం మొదలవుతుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య నుంచి వెళ్ళి సోంపేటలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని బీలకు, అంటే అక్కడి చిత్తడి నేలకు, వెళ్ళాను. 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి ఒక ప్రైవేటు కంపెనీ ఎంచుకున్న నేల ఇదే. పనికిరాని భూమి అని కాగితాల్లో చూపించారు. నేను గట్టు మీద నిలబడేసరికి తుంగ మధ్య గేదెలు పొట్టల దాకా నీళ్ళలో మునిగి మేస్తున్నాయి. ఒక పెద్దాయన వల లాగి, బురద కడిగి, వేలెడు చేపల్ని ఒక్కొక్కటే సత్తు గిన్నెలో వేసుకుంటున్నాడు.

"ఎండాకాలంలో కూడా నీరుంటుందా మావా?" అని అడిగాను.

"ఎందుకుండదు బాబూ? పై ఊళ్ళ వాన నీరంతా ఇక్కడికే దిగుతాది. దీన్ని పూడ్సేస్తే ఆ నీరు ఎటెల్తాది? అప్పుడూ ఇదే అడిగినాం."

ఆ ప్రశ్న దగ్గరే నా మనసు ఆగిపోయింది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నెల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణం మీద ప్రభావం గురించిన నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ సభ నడపాలి, చివర్లో మినిట్స్ అందరికీ చదివి వినిపించాలి. చూడడానికి బాగానే ఉంది. కానీ ముసాయిదా నివేదిక తయారయ్యాకే ఆ సభ పెడతారు. అప్పటికి స్థలం ఖాయమైపోయి ఉంటుంది. పైగా సభకు కనీసం ఇంతమంది రావాలన్న షరతే లేదు. బీల నీటి దారి తెలిసిన ఈ పెద్దాయన్ని సర్వేకి ముందే వెంట తిప్పుకుని ఉంటే ఎంత బాగుండేది! గుడికి చందా, మెడికల్ క్యాంపు, ఉద్యోగాల హామీ... కంపెనీలు ఊళ్ళోకి తెచ్చేవి ఇవే. ఇవ్వడం తప్పని నేననను. అయితే ఆయన ప్రశ్నకు వీటిలో ఏదీ జవాబు కాదు.

2010 జులై 14న ఇక్కడ, ప్లాంటు వద్దని ఎదురు తిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తిరుగు దారిలో టెక్కలి వైపు తేలినీలాపురంలో కాసేపు ఆగాను. చెట్ల నిండా గూడబాతులు. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటామని ఊరివాళ్ళు చెప్పారు. ఈ చుట్టుపక్కలే కాకరాపల్లి. అక్కడా థర్మల్ గొడవే, 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులే. ఏడాది తిరగకుండానే అదే జిల్లాలో!

చివరగా రణస్థలం మండలం కొవ్వాడ. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది ఇక్కడి ప్రతిపాదన. 2013 భూసేకరణ చట్టం కింద ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకుంటే 80 శాతం కుటుంబాల సమ్మతి కావాలి. ఇక్కడిలా ప్రభుత్వ సంస్థకైతే ఆ షరతు లేదు. కాకపోతే నీటి వనరుల మీద బతికే మత్స్యకారుల్ని కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించాలని అదే చట్టం చెబుతోంది. సెంటు భూమి లేని మత్స్యకారులకు ఇదే ఆసరా.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకామెను పలకరించాను. "డబ్బులిస్తారు, ఇల్లిస్తారు, సరే. రేపు మావోళ్ళు సేపల ఏటకి ఎక్కడి నుంచి పడవ దింపాలి? ఎంత దూరం ఎల్లాలి? ఆ సంగతి సెప్పరేటి బాబూ?" అంది.

కొత్త కాలనీ నుంచి తీరం ఎంత దూరం, పడవలు ఎక్కడ నిలుపుకోవాలి, ప్లాంటు దగ్గర సముద్రంలో ఎక్కడిదాకా వేటకు వెళ్ళనిస్తారు? ఈ మూడింటికీ జవాబులు తెలుగులో రాసి, పంచాయతీ గోడకు అంటించి, ఆ తర్వాతే ఎవరిచేతనైనా సంతకం పెట్టించుకోవాలి.