సంక్రాంతికి ఊరెళ్ళినవారి బ్యాటరీలు

బెంగళూరు కృష్ణరాజపురంలో నేను పనిచేసే బ్యాటరీ మరమ్మతు దుకాణానికి ప్రతి సంవత్సరం జనవరి చివరి వారం నుంచి ఒకే రకం ఫిర్యాదు మొదలవుతుంది. కదిరి, పీలేరు, ఆదోని, మార్కాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద భోజనాలు, సరుకులు చేరవేసే మన పిల్లలు సంక్రాంతికి ఊరెళ్ళి, కంది కోతలనో పెళ్ళిళ్ళనో వారాల తరబడి అక్కడే ఉండిపోయి, తిరిగి వచ్చి తాళం తిప్పితే బండిలో దీపమైనా వెలగదు. "అన్నా, నేను దాన్ని ముట్టుకోనే లేదు, ఎట్లా చెడిపోయింది?" అని అడుగుతారు. ఒకప్పుడు ఇదే దుకాణం గుమ్మంలో నిలబడి నేనూ ఆ మాటే అడిగాను.

అప్పట్లో నేనూ చేరవేత పనే చేసేవాడిని. పండుగ ముందు రోజు రాత్రి పదకొండు దాకా తిరిగి, ఛార్జింగ్ ఒక గీత మాత్రమే మిగిలిన బండిని మేడ మీద రేకుల గది పక్కన నిలిపి, అట్లాగే కదిరి బస్సెక్కాను. అమ్మకు ఆపరేషన్ కావడంతో మూడు వారాలు అనుకున్నది రెండు నెలలైంది. వచ్చాక దుకాణం యజమాని బ్యాటరీ పెట్టె, అంటే ప్యాక్, మూత విప్పి లోపలి చిన్న చిన్న సెల్స్ దగ్గర మీటరు పెడితే, 48 వోల్టుల బ్యాటరీలో 22 వోల్టులే ఉన్నాయి. ఎట్లాగైనా ఎక్కించి ఇమ్మని బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు. ఒక నెల సంపాదనకు మించిన వస్తువును పక్కన పడేయమంటున్నాడని ఆ రోజు ఎంతో బాధపడ్డాను గానీ, ఆయన చేసినదే సరైన పని అని ఇదే బల్ల ముందు కూర్చుని పని నేర్చుకున్న తరువాత తెలిసింది.

ఆ ప్యాక్‌లో 13 సెల్స్ వరుసలుంటాయి. పేరుకు 48 వోల్టులే అయినా, నిండుగా ఉన్నప్పుడు ఒక్కొక్క వరుస 4.2 వోల్టుల చొప్పున మొత్తం 54.6 అవుతుంది. బండి నిలిచి ఉన్నా, దొంగల భయానికి మనం పెట్టించుకున్న అలారం కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అది ఆగిపోయిన తరువాత కూడా బ్యాటరీకి కాపలాగా లోపలున్న బీఎంఎస్ బోర్డు ఆ సెల్స్ నుంచే బతుకుతుంది. సెల్ 2.5 వోల్టుల కంటే బాగా కిందికి దిగి అట్లాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అటువంటి సెల్‌కు మళ్ళీ ఛార్జింగ్ ఎక్కిస్తే, కరిగిన రాగి ముల్లులా పేరుకుని లోలోపలే షార్టు కావచ్చు, నిప్పూ అంటుకోవచ్చు. యజమాని ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

దీనికి భయపడి కొందరు బయలుదేరే ముందు నూటికి నూరు ఎక్కించి వెళతారు. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లో నీళ్ళ బిందె నింపిపెట్టి వెళ్ళే అలవాటు మనది కనుక వారిని తప్పుపట్టలేను, కానీ లిథియం బ్యాటరీకి ఆ మర్యాద పనికిరాదు. నిండు ఛార్జింగుతో, అందులోనూ ఎండకు కాగే రేకుల కింద ఊరికే ఉన్న ప్యాక్ లోపలి ద్రావణం త్వరగా పాడై, దాని సామర్థ్యం మళ్ళీ రాకుండా తగ్గుతుంది. సగం దగ్గర, అంటే ఇటువంటి ప్యాక్‌లో 48, 49 వోల్టుల మధ్య, ఆపి, బండి నుంచి విడదీసి, నీడపట్టున పొడి చోట పెట్టాలి. ఆ విషయంలో బెంగళూరు చలికాలం మనకు ఎంతో మేలు చేస్తుంది. ఎండ తగలని మామూలు గదే చాలు.

టొరంటోలో ఉన్న మా చిన్నాన్న కొడుకు పరిస్థితి వేరు. మంచు కురిసే నెలల్లో తన ఎలక్ట్రిక్ సైకిల్‌ను పక్కన పెట్టేస్తాడు. మొన్న ఫోన్ చేసి, బాల్కనీలో ఉన్న బ్యాటరీకి అక్కడే ఛార్జర్ తగిలించవచ్చునా అని అడిగాడు. "వద్దురా, ముందు దాన్ని ఇంట్లోకి తే" అన్నాను. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న సెల్‌కు ఛార్జింగ్ పెడితే లిథియం, సెల్‌లో ఉండే గ్రాఫైట్ పొర లోపలికి ఇంకలేక దాని పైనే లోహంగా పేరుకుపోతుంది, ఆ నష్టం బయటికి కనిపించదు. లోపలికి తెచ్చాక కూడా కొన్ని గంటలు ఆగి, చలి వదిలి, పిన్నుల మీద పట్టిన చెమ్మ ఆరిన తరువాతే తగిలించమని, చలికాలమంతా ఇంట్లోనే ఉంచి నెలకొకసారి చూసుకోమని చెప్పాను.

గత సంవత్సరం నుంచి మా దుకాణంలో యజమానిని ఒప్పించి ఒక ఏర్పాటు చేశాను. పండుగకు వెళ్ళేవారు ప్యాక్ తెచ్చి ఇస్తే, ఉబ్బినవి, దెబ్బ తిన్నవి పక్కకు తీసి, మిగతావాటిని సగానికి తెచ్చి, వెనుక గదిలో కడప బండల అరల మీద ఒకదానికొకటి తగలకుండా పెడతాము. ఒక్కొక్క దాని మీద తెల్ల టేపు అంటించి ఊరి పేరు, తేదీ, వోల్టులు రాస్తాను. ప్రతి సోమవారం మీటరు పట్టుకుని ఆ ఊళ్ళన్నిటినీ ఒకసారి చుట్టి వస్తాను. నిన్న ఆదోని 48.5, పీలేరు 48.3 చూపించాయి. మార్కాపురం అబ్బాయి ఇంకా రాలేదు. అతని ప్యాక్ 46.9కి దిగితే, నా ఎదుటే ఛార్జర్ పెట్టి 48.4 దగ్గర ఆపి, టేపు మీద కొత్త తేదీ వేశాను.