కొలతల పుస్తకంలో చివరి పేజీ

ఏటా డిసెంబరు 31 రాత్రి నా కొలతల పుస్తకం చివరి పేజీలో ఆ ఏడు ఏం సాధించానో రాసుకుంటాను. 2023లో పొదుపు సంఘం అప్పు తీర్చాను. 2024లో పాత కాలి మిషను తీసేసి పవర్ మిషను కొన్నాను. 2025కి ఏం రాయాలో మాత్రం తోచలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ మిషను మీద కప్పిన గుడ్డే తియ్యలేదు మరి.

దగ్గు మార్చిలో మొదలైంది. మాది కావలి. వీధి చివర డాక్టరు "గుడ్డల దుమ్ము పడలేదమ్మా" అని దగ్గు మందు రాశాడు. రెండు సీసాలు, మళ్లీ రెండు సీసాలు. సాయంత్రమైతే ఒళ్లు కాగేది, తెల్లారేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. రోహిణి కార్తెలో చెమట పట్టని వాళ్లెవరులే అనుకున్నాను. జాకెట్లు వదులైతే పక్కన లోపలికి ఒక కుట్టు వేసుకున్నాను. నెల తిరక్కుండా ఇంకోటి. ఊళ్లో అందరి కొలతలూ తీసేదాన్ని, నా చుట్టుకొలత 36 నుంచి 33కి దిగితే సన్నబడ్డానని మురిసిపోయాను! ఆ డాక్టరు మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకి గళ్ల పరీక్ష, అదే కఫం పరీక్ష, చేయించాలని చదువుకున్న మనిషికి తెలియదా?

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి. మా ఆయన లారీ మీద చెన్నై పోయున్నాడు. రెండు గంటలప్పుడు దగ్గు తెర వస్తే, చేతికందిన తెల్ల లైనింగు ముక్క నోటికి అడ్డం పెట్టుకున్నాను. పాప లేస్తుందని లైటు వెయ్యకుండా సెల్లు వెలుతురులో చూశాను. నెత్తురు. తర్వాత నేను చేసిన పని చెబితే నవ్వుతారు. పెళ్లివాళ్లవి పదకొండు జాకెట్లు కుట్టాల్సి ఉంది. ఒక్కో గుడ్డకీ అది ఎవరిదో, ఎంత అడ్వాన్సు ఇచ్చారో చీటీ రాసి గుండుసూదితో గుచ్చాను. నేను పోతే గుడ్డలు తారుమారవుతాయని భయం. స్టేషను వైపు రైళ్లు పోతానే ఉన్నాయి. పదకొండో చీటీ గుచ్చేసరికి తెల్లారింది.

ఎక్స్‌రే, గళ్ల పరీక్ష, రక్తపరీక్షలు అయ్యాయి. టీబీ. బరువు 43 కిలోలు. జూన్ 14న మందు మొదలు, రోజుకి మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. అంతా ఉచితం, తిండికి ప్రభుత్వం నెలకి 1,000 రూపాయలు కూడా ఇస్తుంది. మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆశా వర్కరు అమ్మాయి ముందే చెప్పబట్టి బతికాను, లేకుంటే మళ్లీ నెత్తురే అనుకునేదాన్ని.

నాలుగో రోజుకే ఒకామె గుమ్మం బయట నిలబడి "కుట్టకపోయినా ఫర్లేదు, మా గుడ్డ ఇచ్చెయ్ అమ్మే. ఇంట్లో చిన్నపిల్లలున్నారు" అంది. ఆమెకి పదేళ్లుగా కుడుతున్నాను. చీటీతో సహా ఇచ్చేశాను. కొనవేళ్లతో పట్టుకుని పోయింది. టీబీ గాలిలో సోకుతుంది గానీ గుడ్డలకీ గ్లాసులకీ అంటుకోదని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మా ఆడబిడ్డయితే "మీ పుట్టింట్లో ఎవరికన్నా ఉండేదా వదినా?" అని ఫోన్లో అడిగింది. ఆ మాట చచ్చేదాకా మర్చిపోను.

మా అత్తతో ఇరవై ఏళ్లుగా ఉప్పూ నిప్పూ. ఆమే రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, "గమ్మున తిను, మాట్లాడబాక" అని మంచం పక్కనే కూర్చునేది. నాకు వేరే గ్లాసు పెట్టుకుంటానంటే కేకలేసింది.

జూలైలో మొహర్రానికి మాస్కు కట్టుకుని నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి పోయాను. జనంలోకి ఎందుకు పోయావని డాక్టరమ్మ తిట్టింది, తిట్టాల్సిందే. కానీ స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఎవరో ముసలామె చేతి నుంచి ఆరోగ్యం రొట్టె అందుకున్నప్పుడు, చాలా రోజుల తర్వాత బతుకుతాననిపించింది. కోరిక తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. వచ్చే ఏడు ఆ రొట్టె నేనివ్వాలి.

ఆగస్టుకి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. "తగ్గిందిగా, ఇంకా ఆ మాత్రలెందుకు, కడుపు పాడవుద్ది" అన్నాడు మా ఆయన. చాలామంది ఆపేసేది అక్కడే. మధ్యలో ఆపితే ఆ మందులకి లొంగని టీబీగా తిరగబడొచ్చు. ఎవరు చెప్పినా ఆపబాకండి. మింగిన రోజల్లా పుస్తకంలో ఒక గీత గీశాను. నెలకి 28 రోజుల లెక్కన ఆరు నెలల మందు, నవంబరు 28కి 168 గీతలు.

మొన్న 31న లెక్కపెట్టుకుని చివరి పేజీలో అదే రాశాను: "168 రోజులు. ఒక్కరోజూ తప్పలేదు." తర్వాత బ్లేడు తీసుకుని నా జాకెట్టు పక్క కుట్టు ఒకటి విప్పాను. రెండోది విప్పే పని ఇంకా పడలేదు, చుట్టుకొలత 34న్నర దగ్గరే ఉంది.