రిజిస్టర్‌లో నా రాత

వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే మా ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టర్ తిరగేస్తే నా జబ్బంతా అందులో కనిపిస్తుంది. ముందు పేజీల్లో పొందికైన అక్షరాలు. ఆ తర్వాత గడులు దాటి, గీతలు దాటి పెద్దవైపోయిన అక్షరాలు, ఒక్కో పంక్తి కింద మూడేసి ఎర్ర గీతలు. ఆ వారమంతా రాత్రికి గంట కూడా నిద్రపోలేదు. అయినా అలసట లేదు, అందరూ ఎందుకింత నెమ్మదిగా ఉన్నారని కోపం. ఆ ఊపులోనే పై అధికారి మీద అరిచాను. అక్కడి నుంచి రెండు నెలల పేజీలు వేరేవాళ్ల రాతలో ఉంటాయి.

డాక్టర్ గారు బైపోలార్ అన్నారు, అంటే మనసు కొన్నాళ్లు హద్దు మీరి ఉరకలేసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు. దానికిచ్చే లిథియం మందు మొదలుపెట్టాక మెల్లగా నిద్ర దారిలో పడింది. కాస్త తేరుకుంటుండగా, దురుసు ప్రవర్తనకు సంజాయిషీ ఇమ్మని ఇంటికి మెమో వచ్చింది. "రాజీనామా ఇచ్చేయమ్మా, ఇంట్లో ప్రశాంతంగా ఉండొచ్చు" అని మంచి మనసుతోనే చాలామంది చెప్పారు. కాగితం రాసి పెట్టుకున్నాను కూడా. తమ్ముడు లాక్కున్నాడు. "అక్కా, జబ్బు చేస్తే సెలవు పెడతారు, ఉద్యోగం వదులుకుంటారా?"

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇద్దరం కూర్చుని చదివాం. అందులో మానసిక అనారోగ్యం కూడా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. ఇది 20వ సెక్షన్. సీఆర్‌పీఎఫ్ అధికారి ఒకరి కేసులో, మానసిక వైకల్యం ఉన్నవారిపై క్రమశిక్షణ చర్యలు పరోక్ష వివక్ష అవుతాయని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పునూ డాక్టర్ సర్టిఫికెట్‌నూ సంజాయిషీకి జతచేశాం. మెమో అక్కడితో ఆగింది.

తిరిగి చేరిన రోజు పెన్ను పట్టుకుంటే చేయి వణికింది. లిథియంతో కొందరికి అలా ఉంటుంది. మొదటి ఉత్తరం నమోదు చేయడానికి పది నిమిషాలు పట్టింది, ఏడుపొచ్చింది. సూపరింటెండెంట్ గారు చూసి, "రాత ఎలా ఉన్నా ఫర్వాలేదమ్మా, నంబరు తప్పకుండా చూడు" అన్నారు. పొద్దుపోయాక చేయాల్సిన పనులు నాకు వేయడం మానేశారు. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది కాబట్టి నాకు అది మందంత ముఖ్యం.

రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష ఉన్న రోజు గంట ఆలస్యంగా వస్తాను. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం స్థాయి పెరిగిపోతుంది. అందుకే వేసవి వచ్చిందంటే మా అటెండర్ అడగకుండానే నా సీసా నింపి రిజిస్టర్ పక్కన పెట్టి వెళ్తాడు.