ఎస్‌ఎంపీఎస్ మారింది, ఎర్తింగ్ సంగతి తేలింది

రోహిణి కార్తె చివరి రోజులు. రోళ్ళు పగిలే ఎండ ఇంకా అట్లాగే ఉంది, పైగా సాయంత్రమయ్యేసరికి గాలిదుమారం లేస్తోంది. దుమారం లేచిందంటే హనుమకొండలో మా అదాలత్ వైపు కరెంటు పూర్తిగా పోదు. మిణుకుమంటుంది, వస్తుంది, మళ్ళీ మిణుకుమంటుంది. ట్యూబ్‌లైట్ ఒక్కసారి ఆరి వెలిగినంత సేపే. అంత మాత్రానికే మా టైపింగ్ షాపులోని పాత కంప్యూటర్ సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. పక్కన యూపీఎస్ ఉంది, కరెంటు పోతే బ్యాటరీతో సిస్టమ్‌ను కాసేపు నిలపాల్సింది అదే. టిక్కుమంటుంది, బీప్ కొడుతుంది, తన పని తాను చేసినట్టే కనిపిస్తుంది. స్క్రీన్ మాత్రం నల్లబడుతుంది.

వేసవి సెలవులు అయిపోయి కోర్టులు తెరిచారు. వకీళ్ళ కాగితాలన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. పొద్దున ఒక సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం) కేసు అఫిడవిట్ కొడుతుంటే మధ్యలో పోయింది. గాలి లేదు, దుమారం లేదు, ఊరికే వోల్టేజీ జారింది. పది దాటగానే వకీలు సాబ్ ఫోన్, "ఏమ్మా, ఇయ్యాల అయితదా కాదా?" అని. అయితది సార్ అన్నాను. ఇంకేమనాలి.

కొత్త సిస్టమ్ కొనొచ్చు కదా అని షాపుకు వచ్చే ప్రతి ఒక్కరూ అంటారు. కొత్తది ఉంది, ఇంగ్లిష్ పిటిషన్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు అందులోనే చేస్తాం. తెలుగు పని మాత్రం దీనిమీదే. కోర్ టు డ్యూయో ఈ7500 ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, పాత పద్ధతి తెలుగు అక్షరాల అను ఫాంట్లు. ఇన్నేళ్ళ అగ్రిమెంట్లు, పెళ్ళి కార్డులు, కరపత్రాలు అన్నీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ రాలేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్టు ఆపేశారు కాబట్టి దీనికి నెట్ వైరు ఇవ్వను. అను ఫాంటులో కొట్టినది ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చి గీతలే. ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాడి చూశాను కూడా. ఎక్కడో ఒకచోట వత్తు జారుతుంది. పెళ్ళి కార్డులో జారితే చుట్టాలు నవ్వుకుంటారు. భూమి కాగితంలో జారితే రెండు తరాలు కోర్టు చుట్టూ తిరుగుతాయి. అందుకని ఈ డబ్బా బతికి ఉండాలి.

యూపీఎస్ అమ్మినవాళ్ళు ఎండాకాలం మొదట్లోనే బ్యాటరీ పోయిందని చెప్పి మార్చారు. డబ్బులు పోయాయి, రీస్టార్ట్ పోలేదు. మళ్ళీ అడిగితే ఇంకా పెద్ద యూపీఎస్ తీసుకోమన్నారు. మాది 600 వీఏ, అంటే వాట్లలో 360. ఈ సిస్టమూ మానిటరూ కలిసి అందులో సగం కూడా తీసుకోవు. పెద్దది తెచ్చి ఏం చేసుకోవాలి?

నక్కలగుట్ట వైపు నుంచి రిపేరు తమ్ముడు పదకొండింటికి వచ్చాడు. ముందు నేను ముఖ్యమైన ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను, అప్పటిదాకా కేబినెట్ ముట్టనియ్యలేదు. అతను కూడా తొందర పడలేదు. తన సంచిలోంచి బాగున్న ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును సిస్టమ్‌కు కావాల్సిన చిన్న వోల్టులుగా మార్చి ఇచ్చే, కేబినెట్ లోపలి డబ్బా) ఒకటి తీసి, కేబినెట్ పక్కన బల్లమీద పెట్టి, మా బోర్డుకు దాని వైర్లు తగిలించి సిస్టమ్ ఆన్ చేశాడు. వర్డ్‌ప్యాడ్ తెరిచి నాలుగు అక్షరాలు కొట్టమన్నాడు. నేను కొడుతుండగా యూపీఎస్ ప్లగ్ గోడలోంచి పీకేశాడు. యూపీఎస్ టిక్కుమంది, నా అక్షరాలు అట్లాగే ఉన్నాయి. మళ్ళీ పాత ఎస్‌ఎంపీఎస్ తగిలించి అదే పని చేశాడు. రీస్టార్ట్.

"యూపీఎస్ మంచిగనే ఉందక్కా. దీని లోపలి డబ్బానే నిలవడతలేదు."

నిలబడటం అంటే ఏమిటో అతను చెప్పిన తీరు నాకు నచ్చింది, అందుకే రాసి పెట్టుకుంటున్నాను. మనకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక్కో ఊపు 20 మిల్లీసెకన్లు. మామూలు యూపీఎస్ అన్ని వేళలా బ్యాటరీ మీదే నడవదు. గోడ కరెంటునే లోపలికి పంపుతూ, అది పోగానే బ్యాటరీకి మారుతుంది. ఆ మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో సిస్టమ్‌కు ఎటునుంచీ కరెంటు రాదు. అప్పుడు ఆదుకునేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్లు. అవి దాచుకున్నదాన్ని ఆ కాస్తసేపు వదులుతాయి. పద్ధతిగా చేసిన ఎస్‌ఎంపీఎస్ ఐతే నిండు లోడు దగ్గర కూడా పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు ఆపాలి, యూపీఎస్ మారడానికి అది చాలు. మా దాంట్లో కెపాసిటర్లు ఎండిపోయాయి. ఇంకో సంగతి, మా దగ్గర కరెంటు పోయే ముందు వోల్టేజీ జారుతుంది. జారినప్పుడు కెపాసిటర్లు ముందే సగం ఖాళీ. యూపీఎస్ మేలుకునేసరికి వాటిలో ఇవ్వడానికి ఏమీ మిగలదు.

అంటే ఇన్నాళ్ళూ బ్యాటరీని తిట్టడం దండగ. యూపీఎస్ ఎంత మంచిదైనా దాని సాయం అందుకునే స్థితిలో లోపలి డబ్బా ఉండాలి. ఈ మాట యూపీఎస్ అమ్మేవాళ్ళు ఎందుకు చెప్పరో నాకు తెలుసు.

పాత డబ్బాను పక్కన పెట్టి చాలాసేపు ముట్టలేదు. 230 వోల్టులు లోపల డీసీగా మారితే 320 దాటుతుందట, ప్లగ్ తీసినా కాసేపు అందులోనే ఉంటుందట. "నేనంటే ఇదే పని చేసేటోణ్ని, మీరైతే ఎప్పుడూ విప్పకుండ్రి" అన్నాడు. టీ తాగాక తానే జాగ్రత్తగా ఖాళీ చేసి విప్పాడు. దుమ్ము అర ఇంచు. అవుట్‌పుట్ వైపు చిన్న కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి, ఒకదాని చుట్టూ గోధుమరంగు పెచ్చు కట్టింది. పెద్దవి రెండు, ఒక్కోటి 200 వోల్టులది, పైకి చూడటానికి శుభ్రంగా ఉన్నాయి. మీటరు పెడితే, ఎంత దాచుకోగలవో చెప్పే అంకె 330 మైక్రోఫారడ్లు ఉండాల్సినచోట వంద కూడా చూపించలేదు. వేడి వీటిని తినేస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. రేకుల కింద మా షాపులో మే నెల ఎట్లా ఉంటుందో మాకు తెలుసు, పాపం దానికీ తెలిసింది.

డబ్బామీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. ఇంత చిన్న సిస్టమ్‌కు 450 చాలదా తమ్మీ అంటే, కింద సన్న అక్షరాల పట్టిక చూపించాడు. "నెత్తిమీద అంకె గాదక్కా చూసేది, 12 వోల్టుల పక్కన ఆంపియర్లు చూడాలె." 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ఈ కాలపు బోర్డుల్లో ప్రాసెసర్ తినేది 12 వోల్టుల తీగ నుంచే, కాబట్టి ఆ 450 చాలావరకు అట్టపెట్టె మీది మాటే. కొత్తగా తెచ్చినది కూడా 450దే, కానీ 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంది. మూడు వేల చిల్లర అయింది. ఏడెనిమిది వందలకు వచ్చేవి కూడా దొరుకుతాయి, నా పాతది అట్లాంటిదే. నిజానికి మాకు ఇన్ని వాట్లు అక్కర్లేదు, ఈ7500 నిండా పనిచేసినా 65 వాట్ల ప్రాసెసర్. డబ్బులు పెట్టింది వాట్లకు కాదు, లోపలి కెపాసిటర్లకు.

బిగించడం పెద్ద పని కాలేదు. వెనక నాలుగు స్క్రూలు, పాతది బయటికి, కొత్తది లోపలికి. 24 పిన్నుల కనెక్టరు బోర్డుకు సరిగ్గా కూర్చుంది. ప్రాసెసర్‌కు ఇచ్చేది కొత్తదాంట్లో ఎనిమిది పిన్నులు, మా బోర్డులో నాలుగే. అది మధ్యకు విడిపోతుంది, సగం తగిలించి మిగతా సగం పక్కకు కట్టేశాడు. పాత డీవీడీ డ్రైవుకు వెడల్పు నాలుగు పిన్నులది కావాలి, అదీ ఒకటి ఉంది. బోర్డుకు పెట్టకముందు ఆ 24 పిన్నుల కనెక్టరులో పచ్చ వైరును నల్ల వైరుకు చిన్న తీగతో కలిపి ఫ్యాన్ తిరిగేది చూపించాడు, అన్ని వోల్టులు మీటర్‌తో చూశాడు.

ఒక అనుమానం మాత్రం ముందే చెప్పాడు. కొత్త తరం వాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అని, గోడ నుంచి కరెంటును ఒక పద్ధతిలో లాగే ఏర్పాటు ఉంటుంది, మాలాంటి చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఇచ్చే కరెంటు కొన్నిటికి పడదు. పడకపోతే వాపసు తీసుకుంటానన్నాడు. అదృష్టం, పడింది. మళ్ళీ మళ్ళీ ప్లగ్ పీకి చూశాం. లేజర్ ప్రింటర్ గోడ బోర్డు మీదే ఉంటుంది, దాని లోపలి రోలరు వేడెక్కే క్షణంలో లైటు మందగించడం మాకు అలవాటే. అప్పుడు కూడా స్క్రీన్ కదల్లేదు.

తమ్ముడు వెళ్ళాక అసలు తమాషా. మా దగ్గర పనిచేసే పిల్ల చెప్పులు విడిచి కూర్చుని కేబినెట్ మీద చెయ్యి వేసి, "అక్కా, జిల్లుమంటాంది!" అని ఎగిరింది. నేనూ ముట్టి చూశాను, నిజమే, సన్నగా తిమ్మిరి. పాతదానికి ఎప్పుడూ ఇట్లా లేదు. సిస్టమ్ ఆపేసి ఫోన్ చేస్తే అతను నవ్వాడు. చవకదాంట్లో లోపలికొచ్చే కరెంటును వడగట్టే ఫిల్టరే పెట్టలేదట. మంచిదాంట్లో ఉంటుంది, ఆ ఫిల్టర్ చిన్న కెపాసిటర్ల గుండా కొంచెం కరెంటును ఎర్త్‌లోకి, అంటే భూమిలోకి దిగే వైరులోకి పంపుతుంది. ఎర్త్ లేకపోతే అది కేబినెట్ రేకు మీదే ఉండిపోతుంది. "డబ్బా మంచిదేనక్కా, మీ బిల్డింగులోనే ఎర్త్ లేదు."

వీధి చివరి ఎలక్ట్రీషియన్ కాకను పిలిపించాను. టెస్టర్ పెడితే కేబినెట్ మీద మసకగా వెలిగింది. సాకెట్ బోర్డు విప్పాడు. ఎర్త్ పిన్నుకు పచ్చ వైరు పద్ధతిగా బిగించి ఉంది, గోడలోకి వెళ్ళింది. మెయిన్ దగ్గర చూస్తే ఆ వైరు కొస దేనికీ కట్టకుండా చుట్ట చుట్టి ఉంది. కట్టినప్పటి నుంచీ అంతే అయ్యుంటుంది. "తిమ్మిరికి మనిషి సావడు బిడ్డా. లోపల ఫేజు ఊడి రేకుకు తగిలిననాడు జూడు, అప్పుడు ఎర్తే దిక్కు" అన్నాడు. ప్రస్తుతానికి కింద ఓనర్ వాళ్ళ ఎర్త్ నుంచి వైరు లాగి మా బోర్డుకు కలిపాడు. తిమ్మిరి పోయింది. కానీ ఆ ఎర్త్ దిగిన గుంత పాతది, నీళ్ళు పడక ఎండిపోయింది, కొత్తది తవ్వాల్సిందేనట. వెనక గోడ దగ్గర నల్లా నీళ్ళు పోయే జాగా చూశాడు, మట్టి తడిగా ఉండాలి కదా. పైపు, బొగ్గు, ఉప్పు, కూలీ.

ఓనరమ్మకు ఫోన్ చేశాను. మీ కంప్యూటర్ కోసం మా ఇల్లు తవ్వుతారా అంది. మీ ఫ్రిజ్ కూడా ఇదే ఎర్త్ మీద ఉందమ్మా అన్నాక కాస్త మెత్తబడింది. సగం ఖర్చు నాదని ఒప్పుకున్నాను, ఆదివారం తవ్వకం.

అఫిడవిట్ సాయంత్రానికి అయిపోయింది. మధ్యలో కరెంటు మిణుకుమంది కూడా. వకీలు సాబ్ చదివి, రెండో పేరా మొత్తం మార్చాలన్నారు. రేపు పొద్దున పదిలోపు కావాలట.